అడుగుపెట్టని గదికి లెన్స్ ఎంచినవాళ్ళు

ఇంతకుముందు ఎందుకు రాయలేదంటే

నాకు రాయడం రాదు కాబట్టి. అంతకు మించి పెద్ద కారణమేమీ లేదు. మా నాన్నకు వన్ టౌన్‌లో పటాలు కట్టే కొట్టు ఉండేది. ఫ్రేముల మూలల్లో అద్దం తుడవడానికి చిన్న చేతులు కావాలి. నావి చిన్నవి. అందుకని నన్ను బడికి పంపలేదు, తమ్ముణ్ణి పంపారు. ఆ కోపం పోయిందని మర్యాద కోసం కూడా చెప్పలేను.

తర్వాత పెళ్ళి, పిల్లలు, స్టూడియో పని. ఫొటోలు తీసినంతకాలం అంకెలు తెలిస్తే సరిపోయింది. లెన్స్ మీద ఉండేవి అంకెలే కదా. కూర్చుని లేవడానికి మోకాళ్ళు ఒప్పుకోని రోజు వచ్చాక పని మానేసి, మా వీధిలో మధ్యాహ్నం పూట ఆడవాళ్ళకు తెలుగు నేర్పే టీచరమ్మ దగ్గర కూర్చున్నాను. చదవడం వచ్చాక నేను ఫోన్లో వెతుక్కుని చదివినవి లెన్సుల గురించి రాసినవే. ఏ ప్రైమ్ లెన్స్ ముందు కొనాలి, ఏది తర్వాత, ఏది లేకపోతే మీరు ఫొటోగ్రాఫరే కాదు. అన్నీ చదివాను. ఒక్కటంటే ఒక్కదాంట్లో కూడా "మీరు ఏ గదిలో నిలబడి తీస్తారు?" అన్న ప్రశ్న లేదు. బీచ్ దగ్గర ఖాళీ గోడ ముందు ఒక అమ్మాయిని నిలబెట్టి తీసుకున్నవాళ్ళు, లోకంలో అందరూ అలాగే తీస్తారనుకుని రాసిన రాతలు. ఒళ్ళు మండింది.

అందుకే రాస్తున్నాను. ఈ పనిలోకి వచ్చే ఆడపిల్లల కోసం. ముఖ్యంగా మా ముస్లిం పెళ్ళిళ్ళలో జనానా వైపు తీయబోయేవాళ్ళ కోసం. జనానా అంటే ఆడవాళ్ళు మాత్రమే ఉండే వైపు. అక్కడికి మగ ఫొటోగ్రాఫర్ రాకూడదు. కాబట్టే నాలాంటి వాళ్ళకు ముప్పై ఏళ్ళకు పైగా తిండి దొరికింది.

గది ముందు, లెన్స్ తర్వాత

ప్రైమ్ అంటే జూమ్ లేని లెన్స్. దగ్గరగా కావాలంటే మీరు దగ్గరకు నడవాలి. దూరంగా కావాలంటే వెనక్కి వెళ్ళాలి. వెనక్కి వెళ్ళడానికి చోటుంటే.

మా పాత పట్నం ఇళ్ళలో ఆ చోటుండదు. పెళ్ళికూతురి గదిలో ఒక మంచం, ఒక ఇనుప బీరువా, మిగిలిన నేలంతా చాప. చాప మీద అత్తలు, పిన్నులు, వాళ్ళ ఒళ్ళో పిల్లలు. మీ వీపు బీరువాకు ఆనుకుని ఉంటుంది. ఆ గదిలో దూరాన్ని దగ్గర చేసే 85 ఎం.ఎం. లెన్స్ తగిలిస్తే మీకు పెళ్ళికూతురి ముక్కుపుడక వస్తుంది. ముక్కుపుడక అందంగానే ఉంటుంది. కానీ పెళ్ళి అయింది దానికి కాదు.

నాకు పని నేర్పింది స్టూడియో పెద్దాయన. పోర్టులో ఉద్యోగం కోసం గోదావరి జిల్లా నుంచి వచ్చి, రిటైరయ్యాక వన్ టౌన్‌లో స్టూడియో పెట్టారు. ఆడవాళ్ళు పాస్‌పోర్టు ఫొటోకి మగవాడి ముందు ముసుగు తీయడానికి ఇబ్బంది పడుతున్నారని నన్ను పెట్టుకున్నారు. ఏ పెళ్ళికి పంపినా ముందు రోజే అడిగేవారు.

"గది ఎంతుందమ్మా?"

"చూళ్ళేదండి."

"చూసిరా. నేను వెళ్ళలేను కదా."

నేను వెళ్ళి చూసి చెప్తేనే లెన్స్ తీసి చేతికిచ్చేవారు. ఎక్కువసార్లు అది గదంతా పట్టే 35. ఆయన వెళ్ళలేని గది గురించి ఆయనకు తెలియదని ఆయనకు తెలుసు. తర్వాత నేను కలిసి పని చేసిన మగవాళ్ళలో ఆ ఒక్క సంగతి తెలిసినవాళ్ళు ఎవరూ తగల్లేదు.

కాబట్టి మొదటి లెన్స్ 35. ఫుల్ ఫ్రేమ్ మిర్రర్‌లెస్ కెమెరా మీద 35 పెట్టి చాప మీద మోకాళ్ళ మీద కూర్చుంటే పెళ్ళికూతురు, ఆమె భుజం మీద చెయ్యేసిన పిన్ని, గోరింటాకు గిన్నె పట్టుకున్న చెల్లెలు, ముగ్గురూ వస్తారు. పక్కన రాసుండే చిన్న అంకె 1.8 ఉన్నది చాలు; ఆ అంకె తగ్గేకొద్దీ లెన్స్ నోరు పెద్దదై వెనకదంతా మసకబారుతుంది. 1.4 కొనకండి, 1.2 జోలికి అసలు పోకండి. ఆ లెన్సులకు రెట్టింపు బరువు, రెట్టింపు అద్దం. ట్యూబులైటు వెలుగులో కూడా ఇప్పటి కెమెరాలు 1.8 తో హాయిగా తీస్తాయి. ఇంకో సంగతి. పెద్ద లెన్స్ పైకెత్తగానే ఆడవాళ్ళ చేతులు వాటంతటవే దుపట్టా మీదికి వెళ్తాయి. చిన్న 35 ని కాసేపటికి మర్చిపోతారు. వాళ్ళు మర్చిపోయాకే మీ పని మొదలవుతుంది.

50 సంగతి అడుగుతారు. అందరూ ముందు అదే కొనమంటారు, చవక కాబట్టి. కొనండి, తప్పులేదు. హాల్లో భోజనాల దగ్గర, మెట్ల మీద, ఆటోలోంచి దిగేటప్పుడు పనికొస్తుంది. ఒక పెద్దావిడ ఒక్కతే కూర్చుని తస్బీ పూసలు తిప్పుకుంటూ జపం చేసుకుంటుంటే 50 తో తీసినంత బాగా ఇంక దేనితోనూ రాదు. కానీ గదిలో అది ఒక అడుగు ఎక్కువ అడుగుతుంది. ఆ అడుగు మీ దగ్గర ఉండదు.

వెనకాల ఉన్నది ఎవరు

పెద్దాయన పోయాక స్టూడియో ఆయన కొడుకు సత్యం గారి చేతికొచ్చింది. దాన్ని మధురవాడకు మార్చారు. కొత్త మిర్రర్‌లెస్ కెమెరాలు కొన్నారు. సత్యం గారు మంచివాడని స్టూడియోలో అందరూ అంటారు. జీతం ఆపలేదు, ఎవరినీ తిట్టలేదు, పండక్కి నాకు బట్టలు పెట్టారు. అవన్నీ నిజమే. నేను మాత్రం మంచివాడని అనను.

ఒకరోజు పెద్ద పెట్టె తెచ్చి నా ముందు విప్పారు. 85, 1.2. రోకలి తలకాయంత ఉంది.

"జరీనమ్మా, ఇకనుంచి లేడీస్ సైడ్ అంతా ఇదేనండి. బ్యాక్‌గ్రౌండ్ అంతా వెన్నలా కరిగిపోవాలి. అదే మన స్టైలు."

"బ్యాక్‌గ్రౌండ్ అంటే ఏంటి సత్యం గారూ?"

"అదేనమ్మా, వెనకాల ఉండేది."

"వెనకాల వాళ్ళమ్మ ఉంటుంది."

ఆయన నవ్వారు. "వాళ్ళమ్మని వేరేగా ఒకటి తియ్యండి, ఏం పోయింది."

ఆ లెన్స్‌తో పంపిన పెళ్ళిళ్ళలో ఒకటి నాకు ఇప్పటికీ గుర్తుంది. కూతురి మెడలో అత్తగారు నల్లపూసల లచ్ఛా కడుతుంటే, తల్లి వెనక నిలబడి కూతురి జడ పైకెత్తి పట్టుకుంది. ఆల్బమ్‌లో పెళ్ళికూతురి కనురెప్ప ఒక్కటే తేటగా ఉంది. లచ్ఛా సగం మసక. తల్లి పూర్తిగా మసక.

ఆల్బమ్ తీసుకోవడానికి ఆవిడే వచ్చింది. కౌంటర్ దగ్గర పేజీలు తిప్పుతూ ఆగింది.

"ఈ ఆకుపచ్చగా ఉన్నదేంటి?"

"అది మీరేనమ్మా," అంది కౌంటర్‌లో అమ్మాయి.

ఆవిడ వేలితో ఆ మసక మీద రాసి చూసింది, ఏదో అంటుకుందేమోనన్నట్టు. "ఈ చీర కోసం ఎన్ని షాపులు తిరిగానో," అని, ఆల్బమ్ సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది. సత్యం గారు లోపలి నుంచి విని, "ఆర్ట్ అందరికీ అర్థం కాదులెండి," అన్నారు.

85 చెడ్డ లెన్స్ అని నేను అనడం లేదు. మేడ మీద, సాయంత్రం వెలుగులో, పెళ్ళికూతురు ఒక్కతే ఉన్నప్పుడు దాన్ని మించింది లేదు. కొనేటప్పుడు 1.8 ది కొనండి, ఇద్దరు మనుషులుంటే లెన్స్ నోరు 4 దాకా మూయండి. మనుషుల్ని కరిగించడం స్టైల్ అని ఎవరైనా చెప్తే, ఎవరిని కరిగించమంటున్నారో అడగండి. ప్రతిసారీ అది ఆ ఇంట్లో ఎక్కువ పని చేసిన మనిషే అవుతుంది. పక్కన నిలబడి పట్టుకునేవాళ్ళు, అందించేవాళ్ళు, వెనక నుంచి పిన్నీసులు పెట్టేవాళ్ళు. వాళ్ళని చెరిపేసి పిల్ల కళ్ళు చూపిస్తే అది ఎవరి పెళ్ళి అని తెలుస్తుంది?

ఉప్పు గాలి

ఇది చిన్న సంగతి, కానీ ఎవరూ చెప్పరు. మనది సముద్రం ఒడ్డు. లెన్స్ లోపలి అద్దం మీద బూజు పడుతుంది, సాలెగూడు పోగుల్లా. సత్యం గారు స్టూడియో లెన్సులన్నిటినీ తోలు సంచుల్లో పెట్టి, పైన పాలిథిన్ కవరు కట్టి, ఇనుప బీరువాలో తాళం వేసేవారు. వానాకాలం పోయాక తీసి చూస్తే నా 35 లోపల తెల్లగా పోగులు.

"లేడీస్ చేతులకి మెహందీ నూనె ఉంటుంది కదండీ, అదే ఎక్కి ఉంటుంది," అన్నారు అందరి ముందూ.

నూనె బయట అంటుతుంది, లోపలికి దూరదు అని నేను అన్నాను. ఎవరూ వినలేదు. బూజు పట్టిందానికి బదులు ఇంకో 35 కొనలేదు, దాన్నే తుడిపించి ఇచ్చారు. మీరు మాత్రం తోలు సంచులు పారేయండి. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో తేమ పీల్చే సిలికా పొట్లాలు వేసి పెట్టుకోండి. వారానికి ఒకసారైనా బయటికి తీసి వాడండి. వాడని లెన్సే పాడవుతుంది. ఫిషింగ్ హార్బర్ దగ్గర తీయాల్సి వస్తే ఇంటికొచ్చాక లెన్స్‌కీ కెమెరాకీ మధ్య ఉన్న అంచు కూడా తుడవండి.

135

సనా అనే అమ్మాయి పెళ్ళి నేను ఆ స్టూడియోకి చేసిన చివరి పని. నిఖా ఫొటోలు తీసి, కెమెరా అప్పజెప్పి మానేశాను. తర్వాత సొంతంగా ఒక 35 కొనుక్కుని, అద్దె కెమెరాకి తగిలించుకుని, మోకాళ్ళు ఆడినంతకాలం ఒక్కదాన్నే తిరిగాను. సత్యం గారికి ఏమీ కాలేదు. స్టూడియో ఇంకా పెద్దదైంది. ఎందుకు మానేశానో చెప్పడానికే ఈ రాతంతా.

సనాది మా పాత పట్నమే. మధురవాడలో కంప్యూటర్ ఆఫీసులో ఉద్యోగం. తల మీద స్కార్ఫ్ లేకుండా బయట అడుగుపెట్టదు. పెళ్ళికి ఫొటోలు మాట్లాడుకోవడానికి తనే ఆఫీసు అయ్యాక స్టూడియోకి వచ్చింది. సత్యం గారు పక్కనే కూర్చుని ఉన్నారు.

"ఆపా," అంది, అక్కా అన్నట్టు. "జనానా వైపు తీసేది మీరొక్కరేనా?"

"నేనొక్కదాన్నే."

"కెమెరాలో మెమొరీ కార్డు?"

"నా దగ్గరే ఉంటుంది. కెమెరా కూడా నాతోనే ఇంటికొస్తుంది. నువ్వూ నేనూ కూర్చుని ఎంచుకుంటాం. వద్దన్నవి నీ ముందే చెరిపేస్తాను. అప్పటిదాకా స్టూడియోలో ఎవరూ చూడరు."

ఇది పెద్దాయన పెట్టిన పద్ధతి. ఆ పద్ధతి వల్లే పాత పట్నం ఇళ్ళన్నీ మా స్టూడియోకే వచ్చేవి.

"మా అమ్మ కోసం అడగట్లేదు," అంది సనా. "మా అమ్మ అంత పట్టించుకోదు. ఇది నా రూల్. నా జుట్టు ఫొటో నాకోసం. ఆఫీసులో నా వెనక సీటువాడి ఫోన్లోకి రావడానికి కాదు."

"నిన్ను నేను తప్ప ఎవరూ తియ్యరు," అని మాటిచ్చాను. సత్యం గారు తలూపారు. ఆ తల ఊపడం నా కళ్ళతో నేను చూశాను.

మెహందీ ఒక పాత ఫంక్షన్ హాల్లో, మధ్యాహ్నం. హాలుకి అడ్డంగా తెర కట్టారు. ఇటు ఆడవాళ్ళు, అటు మగవాళ్ళు. సనా మేనత్త, అందరూ ఫూఫీ అని పిలిచే భారీ మనిషి, తెర పొడుగునా పిన్నీసులు పెట్టుకుంటూ వచ్చింది. "ఈగ దూరితే నా పేరు మార్చుకుంటా," అంది. ఆడవాళ్ళందరూ తెర కింద, తెర పక్కన, తెర చిరుగులు చూశారు. ఎవరూ పైకి చూడలేదు. హాలుకి పైన వెనకవైపు పాత గ్యాలరీ ఉంది, విరిగిన కుర్చీలూ సౌండు పెట్టెలూ పడేసి ఉంచేది. తెర ఎంత ఎత్తు కట్టినా గ్యాలరీకి అడ్డం రాదు.

సత్యం గారి 85 ని సంచిలోనే ఉంచి, బూజు తుడిపించిన ఆ 35 తోనే నేను చాప మీద కూర్చుని ఉన్నాను. సనా రెండు చేతులకూ మెహందీ తడిగా ఉంది. చెల్లెళ్ళు జుట్టు విప్పి పూలు గుచ్చుతున్నారు. ఒకత్తి ఏదో వేళాకోళం ఆడింది, సనా తల వెనక్కి వాల్చి నవ్వింది. ఆ సమయంలో పైన ఒక లైటు ఆరినట్టయింది. ఏ వైపు నుంచి వెలుగు తగ్గిందో చూద్దామని తలెత్తాను. విరిగిన కుర్చీల మధ్య గుండ్రటి అద్దం. అంత పెద్ద అద్దం ఏ లెన్స్‌కి ఉంటుందో నాకు తెలుసు. అంతకు ముందు వారమే సత్యం గారు 135 ప్రైమ్ కొన్నారు. ముప్పై అడుగుల దూరంలో ఉన్న మనిషినీ దగ్గరకు లాగేది.

మెట్లెక్కి వెళ్ళాను. మగవాళ్ళ వైపు తీసే రమణ మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. హార్బర్ దగ్గర కుర్రాడు, పెళ్ళయి ఇద్దరు పిల్లలు, చెయ్యి తిరిగినవాడు.

"రమణా."

"అక్కా... నువ్వేటి ఇటొచ్చినావు?"

"అది నేను అడగాలి."

"సత్యం బాబు సెప్పినాడక్కా. పైనుంచి తియ్యరా, ఎవులికీ తెల్దు, నూట ముప్పయ్యైదుకి పక్కన కూసున్నట్టే వత్తాది అన్నాడు. నానేటి సేత్తాను?"

"కాబోయే మొగుడు కూడా ఇంకా చూడలేదురా ఆ జుట్టు."

రమణ కెమెరా కిందికి దించాడు, కానీ చేతిలోంచి వదల్లేదు. ఈలోగా సత్యం గారే పైకొచ్చారు.

"జరీనమ్మా, గొడవెందుకండీ ఇప్పుడు. మీ ముప్పై ఐదు ఫొటోలు బాగుంటాయి, నేను కాదన్ను. కానీ ఒక్కోదాంట్లో పదిమంది ఉంటారు. పిల్ల ఒక్కతే మెరవాలండి. స్టూడియో పేజీకి అలాంటి ఫొటో ఒక్కటి పడితే చాలు. ఆల్బమ్‌లో చూసుకుని తనే మురిసిపోద్ది."

"మాటిచ్చాం."

"దగ్గర్నుంచి మీరొక్కరే తీస్తానన్నారు, మీరొక్కరే తీస్తున్నారు. ఇది దూరం నుంచి. ఎవరికి నష్టం చెప్పండి."

"అయితే కిందికొచ్చి ఆ పిల్లనే అడగండి."

"నేనక్కడికి రాకూడదు కదమ్మా," అన్నారు. నవ్వుతూ అన్నారు.

నా ముప్పై ఏళ్ళ పనిలో అంత కోపం నాకెప్పుడూ రాలేదు. కాళ్ళు పెట్టకూడని చోట లెన్స్ పెట్టొచ్చని ఆ మనిషి నిజంగానే నమ్ముతున్నాడు. అడ్డు కాళ్ళకే గాని చూపుకి కాదని. అరవాలనిపించింది. అరిస్తే తెర అవతల పెళ్ళివారంతా వింటారు, రచ్చ సనా పేరు మీద అవుతుంది. అదీ ఆయనకు తెలుసు.

చెప్పాలా వద్దా అని మెట్లు దిగుతూ ఆలోచించాను. చెప్తే ఆ పిల్ల మెహందీ పాడవుతుంది. చెప్పకపోతే ఏమీ పాడవదు, ఫొటోలు మధురవాడ వెళ్తాయి, అంతే. వాళ్ళమ్మకు చెప్పొచ్చు, పెద్దవాళ్ళు సర్దుకుంటారు. కానీ తను అన్న మాట గుర్తొచ్చింది. రూల్ తనది. తన చెవిలోనే చెప్పాను.

సనా నవ్వు ఆగింది. చేతులు ఎత్తి పట్టుకునే ఉంది, మెహందీ చెరిగిపోకుండా. ఎవరో చున్నీ తల మీదికి లాగారు. తన చేతులకేసి చూసుకుని, "ఫూఫీని పిలవండి," అంది.

ఫూఫీ మెట్లెక్కడానికి చాలా సేపు పట్టింది, వెనకే నేనూ ఎక్కాను. ఎక్కి, గ్యాలరీ పై మెట్టు మీద దారికడ్డంగా కూలబడింది. ఇంక ఆ ఇద్దరు మగవాళ్ళూ ఆవిణ్ణి దాటి దిగలేరు.

"బాబూ, నా మోకాళ్ళు ఎక్కడానికి ఒక్కసారే పనికొస్తాయి," అంది సత్యం గారితో. "మీరు చెరిపేదాకా దిగను. బిర్యానీ ఇక్కడికే తెప్పించుకుంటా. మీరూ తినొచ్చు."

"అయ్యో, అంత మాటెందుకమ్మా. రమణా, చెరిపెయ్," అన్నారు సత్యం గారు వెంటనే.

రమణ ఒక్కొక్కటీ చూపించి చెరిపాడు. ఫూఫీ కళ్ళజోడు పెట్టుకుని చూసింది. ఒక చోట ఆపింది.

"ఈ వెనకాల నేనేనా? ఇంత లావున్నానా? ముందు ఇది చెరుపు నాయనా."

అందరం నవ్వాం. సత్యం గారు కూడా నవ్వారు. ఫూఫీ దిగింది, పాటలు మళ్ళీ మొదలయ్యాయి, సనా కూడా పాడింది. నేను మాత్రం ఫొటోలు తీస్తూ ఒకటే అనుకుంటున్నాను. ఆయన అంత తేలిగ్గా ఎందుకు ఒప్పుకున్నాడు?

పని అయిపోయి, నా కెమెరా సర్దుతూ కార్డు తలుపు తెరిచినప్పుడు అర్థమైంది. ఈ కొత్త కెమెరాల్లో కార్డులు రెండు పెడతాం. ఒకటి పాడైనా రెండోది ఉంటుందని ప్రతి ఫొటో రెంటిలోనూ పడేలా పెడతాం. కెమెరా తెర మీద చూసి చెరిపితే ఒకదాంట్లోనే చెరుగుతుంది. ఫూఫీ చూసింది మొదటి కార్డు. అప్పటికి మగవాళ్ళ వైపు ఖాళీ అయింది. రమణ ఫోను ఎత్తలేదు.

మరునాడు పొద్దున్న

తెల్లవారకముందే నడుచుకుంటూ ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళాను. రమణ తల్లి అక్కడ చేపలమ్ముతుంది. చేపల వేలంపాట అయ్యాక గంపలు ఆటోలోకెక్కించి, ఆ తర్వాతే రమణ స్టూడియోకి వస్తాడని నాకు తెలుసు. బోట్లు వచ్చేశాయి, ఐసు దంచుతున్నారు. రమణ తడి గంప నెత్తిన పెట్టుకుని నాకు ఎదురొచ్చాడు. నన్ను చూసి ఆగలేదు. గంప దించి, చేతులు చొక్కాకి తుడుచుకుని అప్పుడు వచ్చాడు.

"నువ్వు వత్తావని తెలుసక్కా."

"రెండో కార్డు ఏది?"

"బాబు పదింటికి తెమ్మన్నాడు. బేగులో ఉంది."

"ఇవ్వు."

"ఇస్తే నా పని పోద్దక్కా. ఇద్దరు పిల్లల్నెట్టుకుని నానేటి సేసేది?"

నిజంగానే పోతుంది. పోయింది కూడా. పెందుర్తిలో సొంత కొట్టు పెట్టుకోవడం చాలా తర్వాతి సంగతి. అయినా చాచిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. మా మాటలు వింటూ చేపలు వేరు చేస్తున్న వాళ్ళమ్మ తలెత్తింది.

"ఏటిరా అది? ఏటి కార్డు?"

రమణ చెప్పలేదు. నేను చెప్పాను, రెండు మాటల్లో.

ఆవిడ చేతిలో చేపని గంపలోకి విసిరింది. "మెట్లెక్కి దొంగసాటుగా ఆడపిల్లని సూసినావా? దానికి జీతం కూడానా నీకు? మీ అయ్య సముద్రంలో పోయిన్నుంచి నాను ఈ గంప మోత్తన్నాను. నువ్వూ మొయ్యి. ఇందులో సిగ్గు నేదు."

"సెప్పినాడమ్మా, సేసినాను..."

"సెప్తే సేసీడానికి నువ్వేటి ఇంజనా?"

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు నవ్వారు. రమణ నవ్వలేదు. ఆటోలోంచి బ్యాగు తెచ్చి, కార్డు తీసి నా చేతిలో పెట్టాడు. "పోయిందని సెప్తాను," అన్నాడు.

దాన్ని కొంగున కట్టుకుని సనా ఇంటికి నడిచాను. నిఖా రోజు కదా, వంటవాళ్ళు వాకిట్లో పొయ్యిలు పెడుతున్నారు. సనా గదిలో ఒక్కతే ఉంది, చేతులు ఎర్రగా పండాయి. తలుపు వేసి సంగతి చెప్పాను. కార్డు చూపించాను.

"మీరు చూశారా ఆపా?"

"లేదు."

"నేను చూస్తాను."

నాతో ఇంటికొచ్చిన కెమెరాలో దాన్ని పెట్టి ఇచ్చాను. మంచం మీద కూర్చుని ఒక్కొక్కటీ జరుపుతూ ఒక దగ్గర ఆగిపోయింది. తర్వాత కెమెరా నా వైపు తిప్పింది.

తల వెనక్కి వాల్చి నవ్విన ఫొటో. జుట్టంతా వెలుగులో ఉంది. చెల్లెళ్ళు, ఫూఫీ, తెర, హాలు అన్నీ కరిగిపోయి వెనక రంగులుగా మిగిలాయి. పిల్ల ఒక్కతే మెరిసింది. తప్పు పట్టడానికి నాకు ఒక్క చోటు కనపడలేదు. నేను ఆ మధ్యాహ్నమంతా చాప మీద కూర్చుని తీసినవాటిలో అంత మంచిది ఒక్కటి లేదు. నా కోపం తగ్గలేదు. ఇంకా పెరిగింది. ఫొటో చెత్తగా ఉంటే ఆ పిల్లకి ఎంత తేలికయ్యేది.

"నన్ను ఇంత బాగా ఎవరూ తియ్యలేదు," అంది సనా.

ఆ ఫొటో మీద హక్కు తనది. ఉంచుకుంటానన్నా నేను మాట్లాడేదాన్ని కాదు.

ఇంకోసారి చూసుకుంది. ఎర్రటి వేలితో కెమెరా తెర మీద తన నవ్వు పక్కన ఒకసారి తుడిచి, "చెరిపేది ఏ బటన్?" అని అడిగింది.

చూపించాను. నొక్కింది తనే.